కప్పు అక్క తట్టిన తలుపు

ఆడపిల్లలకు ఆమె అందించినన్ని కప్పులు ఏ క్రీడా సమాఖ్యా అందించలేదు. పదమూడేళ్ళలో ఆరు వందల పైచిలుకు. అన్నీ ప్లాస్టిక్‌వే, అన్నిటికీ మూతలున్నవే. పరుగులో గెలవనీ, ఈతలో గెలవనీ, బరువులెత్తి గెలవనీ, మెడలో పతకం పడిన కాసేపటికి ఆ అమ్మాయి చేతిలో కప్పు పెట్టి, బాత్రూంలోకి వెంట వెళ్ళి, ఎదురుగా నిలబడి, అది నిండేదాకా కళ్ళప్పగించి చూడడం ఆమె పని. మూత్రంలో నిషేధించిన మందులున్నాయో లేదో ప్రయోగశాల తేలుస్తుంది. ఆ మూత్రం ఆ అమ్మాయిదేనా అన్నది మాత్రం ఈమె తేల్చాలి. అందుకే క్రీడాకారిణులు ఆమెను కప్పు అక్క అంటారు. మొహం మీద అనరు. అంటారని ఆమెకు తెలుసు.

కడుపు నింపే ఉద్యోగం అది కాదు. పెద్దాసుపత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. క్రీడల్లో మందుల వాడకాన్ని పట్టుకునే సంస్థ ఒకటి, నమూనాలు తీయడానికి ఆడ అధికారులు కావాలని ఆసుపత్రి నోటీసు బోర్డు మీద కాగితం అంటిస్తే, తోటి నర్సులు ముక్కు మూసుకుని నవ్వారు. ఈమె నంబరు రాసుకుంది. ఆ పాడు పని నీకెందుకని అడిగితే, "అందరూ అన్నిచోట్లా అబద్ధాలే చెప్తారు. ఒక్కచోటైనా దగ్గర నిలబడి చూడొచ్చు కదా" అంది.

మనిషే అంత. బల్బు కొన్నా అట్టపెట్టె అంచు ఎవరైనా ముందే విప్పారేమోనని కిటికీ దగ్గర పెట్టి చూస్తుంది. మందుల షాపువాడు నవ్వుతూ మాట్లాడితే తేదీ దాటిన సరుకేదో అంటగడుతున్నాడని లెక్క. భర్త బస్సు డిపోలో టైర్ల మెకానిక్. "పెళ్ళి చూపుల్లో ఒక్క నా సీలే చూడకుండా తీసుకుంది" అని డిపోలో అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. సీలు చూశాననీ, పగిలే ఉందనీ, జాలిపడి తీసుకున్నాననీ ఆమె జవాబు.

అంతర్జాతీయ పతకాలు తెచ్చిన ఆడవాళ్ళ గురించి మన వేదికల మీద మాట్లాడేవాళ్ళకు వచ్చినవి రెండే మాటలు. మైకు ముందు, "ఈ బిడ్డ మనందరి గర్వం." మైకు దిగి కారెక్కేటప్పుడు, గొంతు తగ్గించి, "ఆ భుజాలు చూశావా? ఆడదానికి అలా ఉంటాయా?" కప్పు అక్కకు మొదటి మాట మీద నమ్మకం లేదు. రెండో మాట ఆమె వృత్తి. అయితే ఒక తేడా ఉంది. గుసగుసలాడేవాళ్ళకు రుజువుతో పని లేదు. ఆమెకు కచ్చితంగా తొంభై మిల్లీలీటర్లు కావాలి.

ఆమె అనుమానాల జాబితాలో అందరికన్నా పైన ఉన్నది బరువులెత్తే ఛాంపియన్. పదిహేడు అంతర్జాతీయ పతకాలు, అందులో ప్రపంచ పోటీల్లో వచ్చిన బంగారాలే ఐదు. ఇన్ని పతకాలున్న ఆడమనిషి ఈ ఆటలో ఇక్కడ ఇంకొకతె లేదు. వయసు ముప్పై నాలుగు. ఆ వయసులో ఎవరికైనా నడుము నొప్పి వస్తుంది, ఈమెకు రికార్డు వచ్చింది. కప్పు అక్క ఆమె నమూనా ఇరవై మూడు సార్లు తీసింది. ఇరవై మూడు సార్లూ శుభ్రంగా ఉందనే ఫలితం వచ్చింది. ఇరవై మూడు సార్లూ కప్పు అక్క ఆ కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసింది.

బాత్రూంలో వాళ్ళిద్దరి మాటలు ఎప్పుడూ ఒక్క తీరుగానే ఉండేవి.

"ఇంకా ఎంతసేపు?"

"మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే ఎలా వస్తుందక్కా?"

"నేను చూడనప్పుడు వస్తే అదింకా అనుమానం."

"మీ ఆయన్ని తలుచుకుంటే జాలేస్తోంది."

"చొక్కా ఇంకొంచెం పైకెత్తు. మోచేతులు కనపడాలి."

పోటీలు లేని రోజుల్లో కూడా పరీక్షలుంటాయి. అసలు పట్టుబడేది అప్పుడే. పెద్ద క్రీడాకారులు ఏ రోజు ఏ గంటలో ఎక్కడుంటారో మూడు నెలలు ముందుగా రాసివ్వాలి. ఆ గంటలో అధికారి చెప్పాపెట్టకుండా వస్తుంది. మనిషి దొరక్కపోతే ఒక తప్పు. ఏడాదిలో మూడు తప్పులైతే, మందు వాడినట్టు దొరక్కపోయినా సరే, రెండేళ్ళు నిషేధం. ఛాంపియన్‌కు అప్పటికే రెండు తప్పులున్నాయి. ఒకటి, విమానం ఆలస్యమైంది. రెండు, శిక్షణ శిబిరం ఊరు మారింది, ఫారంలో మార్చడం మరిచిపోయింది. కప్పు అక్క ఈ రెండు సంజాయిషీలూ చదివి, "విమానాలన్నీ ఈవిడ కోసమే ఆలస్యమవుతాయి" అంది.

మూడోసారి వంతు ఆమెకే పడింది. ఛాంపియన్ రాసిచ్చిన గంట పొద్దున్న ఐదున్నర నుంచి ఆరున్నర దాకా. చాలామంది ఆ గంటే ఇస్తారు, ఎలాగూ మంచం మీదే ఉంటారు కాబట్టి. మూడో అంతస్తు. ఎదురెదురుగా రెండు తలుపులు, మధ్యలో నాలుగు అడుగుల వరండా, గోడకు ఒరిగించిన సైకిలు. కాలింగ్ బెల్ నొక్కితే పలకలేదు. తలుపు తట్టింది. పది నిమిషాలకొకసారి తట్టాలని నియమం, అలాగే తట్టింది. ఆరు దాటి పది నిమిషాలకు తలుపు కింద సందులో వెలుగు కనిపించింది. కాసేపటికి ఆరిపోయింది. లోపల మనిషి ఉంది, తలుపు తీయడం లేదు. చివరి ఐదు నిమిషాల్లో ఫోన్ చేయవచ్చు. చేసింది. మోగి మోగి ఆగింది. సరిగ్గా ఆరున్నరకు మెట్ల మీద కూర్చుని ఫారం నింపింది: 'ప్రతి పది నిమిషాలకూ తలుపు తట్టడమైనది. జవాబు లేదు. లోపల దీపం వెలిగి ఆరినది.'

పదమూడేళ్ళ అనుమానం ఆ మెట్ల మీద ఫలించింది. ఆ రోజు వార్డులో ఆమె రెండు పూటల డ్యూటీ చేసినా అలసట తెలియలేదట.

వార్త పొక్కింది. నిన్న గర్వం అన్నవాళ్ళు, మాకు ముందే తెలుసన్నారు. ప్రపంచ పోటీలకు పది వారాలుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషికి రెండేళ్ళ నిషేధమంటే ఆట అయిపోయినట్టే. పతకాలను ఎవరూ వెనక్కి తీసుకోరు కానీ, పదిహేడింటి మీదా మరక పడుతుంది. ఛాంపియన్ విచారణ కోరింది. ఆమె వాదన ఒక్కటే వాక్యం: 'నేను ఇంట్లోనే నిద్రపోతున్నాను, ఎవరూ తలుపు కొట్టలేదు.' దీపం సంగతేమిటంటే, తండ్రి లేచాడంది, ఆయనకు చెవుడంది. ఫోన్ వంటింట్లో చార్జింగులో ఉందంది.

"చెవిటి తండ్రి! ఇలాంటి ఇళ్ళలో సమయానికి ఒకడుంటాడు" అంది కప్పు అక్క భర్తతో.

"ఎవరూ కొట్టలేదంటోందిగా?"

"అంటే నేను అబద్ధమాడానా? గంట సేపు నిలబడ్డాను! కాళ్ళు వాచాయి!"

తనను ఒకరు అనుమానించడం ఆమెకు కొత్త. ఎలా భరించాలో తెలియలేదు. సాక్షి కావాలనుకుంది. సంస్థ ఆమెను అడగలేదు, అధికారి సంతకమే చాలు. అయినా సెలవు రోజున బస్సెక్కి ఆ మూడో అంతస్తుకు వెళ్ళి, ఎదురు ఫ్లాట్ తలుపు దగ్గర నిలబడింది. చెయ్యి ఎత్తేలోపే తలుపు తెరుచుకుంది. అరవై దాటిన ఆవిడ, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని ఉంది.

"రా అమ్మాయ్. మళ్ళీ వస్తావనుకున్నాను."

"నేను మీకు తెలుసా పిన్నిగారూ?"

"ఆ రోజు పొద్దున్న గంటసేపు నిన్నే చూశాను కదా, ఈ తలుపు కన్నంలోంచి. నాకు తెల్లారుజామునే మెలకువ వచ్చేస్తుంది. ఇంకేం పనుంది?"

కప్పు అక్కకు ప్రాణం లేచివచ్చింది. సంచిలోంచి కాగితం తీసింది. "అయితే నేను తలుపు తట్టడం చూశారన్నమాట!"

"ఎక్కడ తట్టావు?" అంది ఆవిడ.

"అదేమిటి పిన్నిగారూ, ఏడుసార్లు తట్టాను!"

"ఏడుసార్లు చెయ్యెత్తావు. అది చూశాను. ఎత్తడం, దించడం, వాచీ చూసుకోవడం. చప్పుడేం లేదు. నాకు మాత్రం పాపమనిపించింది."

"పాపమెందుకు?"

"దాచుకోకులే, నేనూ ఆడదాన్నే. మీ ఆయన ఇక్కడికి వస్తున్నాడని ఎవరో చెప్పుంటారు, కడిగేద్దామని వచ్చావు, తీరా తలుపు దగ్గరికి వచ్చేసరికి ధైర్యం చాల్లేదు. అవునా?"

జీవితంలో మొదటిసారి కప్పు అక్కకు తనను మించిన మనిషి తగిలింది. విషయమంతా చెప్పుకొచ్చింది. ఆవిడ కొంచెం నిరుత్సాహపడింది.

"మూత్రం కోసమా!" అంది. "అయినా అమ్మాయ్, నేను సాక్ష్యానికి రాను. ఆ పిల్ల ఇంట్లో ఇనుము ఎత్తి పడేస్తుంటే నా గోడ మీద ఫొటోలు వంకరపోతున్నాయి. రెండేళ్ళు ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ పడేస్తుందేమో, అది వేరే సంగతి. చెప్పమంటే తట్టావనీ చెప్పను, తట్టలేదనీ చెప్పను."

"ఒక్కసారి మీరు లోపలికెళ్ళండి. నేను తడతాను. వినండి."

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కప్పు అక్క తట్టింది. కాసేపటికి లోపలినుంచి కేక వినిపించింది: "ఊఁ, కానియ్యి!"

అక్కడ ఆమెకు సంగతి బోధపడింది. కిలోన్నర కూడా లేని పిల్లలు గాజుపెట్టెల్లో పడుకునే వార్డు అది. అక్కడ ఇరవై రెండేళ్ళు. గట్టిగా చప్పుడైతే ఆ పిల్లల గుండె లయ తప్పుతుంది, తెర మీద అంకెలు పడిపోతాయి. అక్కడ తలుపు వేసేటప్పుడు అరచెయ్యి అడ్డం పెట్టి వేస్తారు. చెప్పుల బదులు మెత్తటి జోళ్ళు. గాజు మీద వేలు ఆనించాలే తప్ప తట్టకూడదు. కొత్తగా వచ్చిన నర్సులకు ఈ పాఠం చెప్పేది ఈమే. నేర్పి నేర్పి, ఆ చెయ్యి ఇంకోలా కొట్టడం మరిచిపోయింది. చూపుడువేలి కణుపు చెక్కకు తగిలితే చాలు, తట్టినట్టే లెక్క ఆమెకు.

మరి ఇన్నేళ్ళుగా తలుపులెలా తెరుచుకున్నాయి? బెల్లులు పనిచేశాయి కాబట్టి. ఇంతకన్నా లోతైన కారణమేమీ లేదు.

ఇంటికొచ్చి భర్తను అడిగింది. "నేను తలుపు తడితే వినపడుతుందా?"

ఆయన నవ్వలేదు. అదే ఆమెను భయపెట్టింది. "బాత్రూం గడియ వేసుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందనుకున్నావు? నువ్వు తట్టేది నాకు వినపడక, నువ్వేమో నేను లోపల దాక్కుని సిగరెట్టు కాలుస్తున్నానని అలిగి..."

"కాల్చేవారు కదా?"

"కాల్చేవాణ్ణి. అది వేరు. తట్టడం మాత్రం వినపడలేదు."

ఇప్పుడు ఆమె ముందున్న చిక్కు చిన్నది కాదు. దీపం వెలిగి ఆరింది, కళ్ళారా చూసింది. లోపల మెలకువగా ఉన్నది తండ్రో కూతురో ఎవరు చెప్పగలరు? ఛాంపియన్ మందులు వాడుతోందన్న నమ్మకం రవ్వంత కూడా సడలలేదు. నిజం చెప్తే ఆ దొంగ తప్పించుకుంటుంది. చెప్పకపోతే, ఫారంలో రాసింది అక్షరాలా నిజమే కదా, తట్టడమైతే తట్టింది.

పై అధికారి కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. ఆయన టై సర్దుకుంటూ మాట్లాడే మనిషి. "సిస్టర్ గారూ, తట్టారా లేదా?"

"తట్టాను. వినపడేలా తట్టలేదు."

"ఎంత గట్టిగా తట్టాలో మన నియమాల్లో ఎక్కడా లేదు. తట్టాను అనండి చాలు. తర్వాత మాట అడగరు. మీకు ఆవిడ మీద నమ్మకముందా?"

"చచ్చినా లేదు."

"మరి?"

"మరి ఏమిటో నాకూ తెలియదండీ" అంది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, ఊఁ అని మూలిగే ఏసీ, అటువైపు ముగ్గురు. రిటైరైన జడ్జి ఒకాయన, డాక్టరొకాయన, ఒకప్పుడు హర్డిల్స్ దూకిన ఆవిడొకరు. ఇటు పక్క ఛాంపియన్, ఆమె లాయరు. ఛాంపియన్ చేతులు బల్ల కింద పెట్టుకుంది. ఆ అరచేతుల్లో కాయలు ఎలా ఉంటాయో కప్పు అక్కకు తెలుసు, ఇరవై మూడు సార్లు చూసింది.

ఛాంపియన్ లాయరు చురుకైనవాడు. తట్టారా అని అడగలేదు. "ఎలా తట్టారో ఈ బల్ల మీద తట్టి చూపిస్తారా?" అన్నాడు.

పై అధికారి ఆమె వంక చూసి, పిడికిలి బిగించి, టై మీద నెమ్మదిగా రెండుసార్లు కొట్టుకున్నాడు. అంతకన్నా విడమరిచి చెప్పడం ఎవరి తరమూ కాదు. పిడికిలితో నాలుగు దెబ్బలు వేస్తే అక్కడితో అయిపోతుంది. ఛాంపియన్ ఆట ముగుస్తుంది. పదమూడేళ్ళ అనుమానానికి ముద్ర పడుతుంది. చూసి కాదనగల మనిషి ఎదురు ఫ్లాట్ ఆవిడ ఒక్కతే, ఆవిడ సాక్ష్యానికి రానంది.

కప్పు అక్క సంచి కింద పెట్టింది. చూపుడువేలు వంచింది. తట్టింది.

గది ఎదురుచూస్తోంది.

"కానివ్వండమ్మా" అన్నాడు జడ్జి.

"అయిపోయిందండీ."

"ఏమిటి అయిపోయింది?"

"తట్టడం. ఇలాగే ఏడుసార్లు."

హర్డిల్స్ ఆవిడకు నవ్వు వచ్చింది, దగ్గుగా మార్చుకుంది. జడ్జి ముందుకు వంగి, "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి తట్టింది. ఆయన తన చెవి మిషను సరిచేసుకుని, పక్కనున్న డాక్టరును, "మీకేమైనా వినపడిందా?" అని అడిగాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"నాలుగు అడుగుల దూరంలో ఎదురు ఫ్లాట్‌కే వినపడలేదు, వెళ్ళి కనుక్కున్నాను" అంది కప్పు అక్క. "కానీ తలుపు కింద దీపం మాత్రం వెలిగి ఆరింది. అదీ రాసుకోండి. ఇది రాసి అది రాయకపోతే ఊరుకోను."

రెండూ రాసుకున్నారు. అరగంట తర్వాత మూడో తప్పు కొట్టేశారు. అధికారి తలుపు తట్టిన తీరు తట్టినట్టు కాదని తీర్పులో ఒక వాక్యం. ఆరు నెలలు ఈ పనికి దూరంగా ఉండాలని సంస్థ ఆమెకు అక్కడికక్కడే కాగితం ఇచ్చింది. పై అధికారి గుర్తింపు కార్డు అడిగి తీసుకున్నాడు, ఆమె మొహం చూడకుండా.

బయట వరండాలో నీళ్ళ మిషను దగ్గర ఛాంపియన్ ఆమెను ఆపింది. చుట్టూ ఎవరూ లేరు. కప్పు అక్క మొదట చేసిన పని, ఆమె చేతిలో కవరేమైనా ఉందేమోనని చూడడం. లేదు.

"అక్కా, ఒకటడుగుతాను. నేను శుభ్రమని నమ్మారా?"

"లేదు."

"మరి ఎందుకు చెప్పారు?"

"నీ మీద అనుమానం నాది. తప్పు కూడా నాదే. ఈ రెంటినీ కలిపి నీ నెత్తిన ఎలా పెట్టను?"

ఛాంపియన్ కాసేపు నీళ్ళు తాగింది. "నేనూ మిమ్మల్ని నమ్మను" అంది. "మీరు నమూనా పోసే సీసాల పెట్టెలు ముందు పెట్టి ఏదో ఒకటి తీసుకోమంటారు కదా. మీ చెయ్యి దేనికి దగ్గరగా ఉందో చూసి, అది వదిలేసి వేరేది తీస్తాను. పదమూడేళ్ళుగా."

"గమనించాను."

"గమనించారా?"

"అందుకే చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టాను. నువ్వు చూడలేదు."

ఛాంపియన్ నవ్వింది. కృతజ్ఞతలవీ చెప్పలేదు. చెప్పివుంటే కప్పు అక్క ఇంకో పదేళ్ళు దాని అర్థమేమిటా అని తవ్వేది. "ఆ దీపం మా నాన్నే వేశాడు" అంది వెళ్తూ.

"సరే" అంది కప్పు అక్క. ఆ సరేకు అవునని అర్థం కాదు.

తర్వాత తొమ్మిదో రోజున, అదే గంటలో, ఇంకో అధికారి వెళ్ళి నమూనా తెచ్చింది. ఫలితం శుభ్రం. ప్రపంచ పోటీల్లో ఛాంపియన్‌కు వెండి వచ్చింది. ఒక్క కిలో తేడాతో బంగారం పోయింది, పతకాల లెక్క పద్దెనిమిదికి చేరింది. వేదికల మీద మళ్ళీ గర్వం మొదలైంది. ఇన్ని అవమానాలు దిగమింగి వెండి తెచ్చిందని ఒకరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు.

కప్పు అక్క ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఆ చివరి ప్రయత్నం రెండుసార్లు చూసింది. బరువు ఛాతీ దాకా వచ్చింది, మోకాళ్ళు నిటారయ్యాయి, చేతులు నిలవలేదు.

"పాపం, కిలోలో పోయింది" అన్నాడు భర్త.

"పోయిన ఏడాది ఇంతకన్నా మూడు కిలోలు ఎక్కువ ఎత్తింది."

"అయితే?"

"ఇప్పుడెందుకు ఎత్తలేకపోయింది?"

"ఓరి దేవుడా! ఎత్తితే ఎలా ఎత్తిందంటావు, పడేస్తే ఎందుకు పడేసిందంటావు. ఆ పిల్ల ఏం చేస్తే నీకు నచ్చుతుంది?"

భర్త టీవీ కట్టేసి చెప్పులు వేసుకున్నాడు. "నాకు నచ్చడమన్నది ఆవిడ చెయ్యాల్సిన పని కాదనుకుంటా" అంది ఆమె. తర్వాత సొరుగులోంచి సంస్థవాళ్ళ దరఖాస్తు ఫారం తీసింది. ఏటా నింపే ఫారమే, ఆరు నెలలు గడిచాక మళ్ళీ చేరదలచుకున్నవాళ్ళూ అదే నింపాలి. అనుభవం అన్నచోట పదమూడేళ్ళని రాసింది. లోపాలు అన్నచోట, ఆ గడి ఇదివరకు ఎప్పుడూ ఖాళీగా వదిలేసేది, ఈసారి పెన్ను ఆపి, భర్తను కేకేసింది.

"ఏమండీ, 'తట్టడం' అని మాత్రం రాయనా, ఇంకా ఏమైనా ఉన్నాయా?"

"ఎన్ని కాగితాలిచ్చారు?" అన్నాడు ఆయన గుమ్మంలోంచి.